నల్లంచు

బాయిలర్ గది గుమ్మంలో నిలబడి కెరెన్ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆస్పత్రి దుప్పట్లు ఉడికే వాసన అలవాటు లేనివాళ్ళకి కడుపులో తిప్పుతుంది. సైమన్‌కి ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. ప్రెషరు ముల్లు వంక ఒకసారి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"అంకుల్, డాడీ కీ గాడీ కా ఏక్ కామ్ థా," అంది కెరెన్.

తెలుగు బాగానే అర్థమవుతుంది ఆ పిల్లకి. మాట్లాడమంటే మాత్రం నోరు మెదపదు. ఢిల్లీలో పుట్టిన మన పిల్లలు చాలామంది ఇంతే. చెవులు బాపట్లవి, నోళ్ళు ఇక్కడివి.

"చెప్పమ్మా," అన్నాడు సైమన్.

చెప్పింది. వాళ్ళమ్మ అన్నమ్మ నర్సు ఉద్యోగం నుంచి రిటైరైంది కాబట్టి నెలాఖరుకి ఆస్పత్రి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నోయిడాలో మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నారు. తండ్రి మోటారు సైకిలు అమ్ముతామని కెరెన్ పేపర్లో వేయిస్తే గుర్గావ్ నుంచి బేదీ అనే ఆయన ఫోన్ చేశాడు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి చూస్తాడట. బండేమో ఎత్తు ఎక్కేటప్పుడు టకటకా కొట్టుకుంటోంది. కాస్త ఇంజను విప్పి శుభ్రం చేసి పెట్టాలి.

"ధువా నహీఁ ఆనా చాహియే అంకుల్. పొగ బండీ కౌన్ లేగా?" అంది. పొగ రాకూడదు, పొగ బండి ఎవరు కొంటారని ఆ పిల్ల బెంగ. మొత్తం మీద పొగ అనే ఒక్క ముక్క తెలుగులో వచ్చింది.

"అమ్ముడుపోకపోతే ఏం చేస్తారమ్మా?"

"తో క్యా, నోయిడా మేఁ నీచే ఖడీ కర్ దేంగే. చౌకీదార్ తో హై." అమ్ముడుపోకపోతే నోయిడా ఇంటి కిందే ఉంటుంది, కాపలావాడు చూస్తాడు. ఆ పిల్ల అంతటితో ఆ సంగతి వదిలేసి పేజరు మోగితే చూసుకుంటూ వెళ్ళిపోయింది. సైమన్ మాత్రం వదల్లేకపోయాడు.

ఆ బండి బీఎస్ఏ. పెద్ద యుద్ధం నాటి మిలటరీ బండి. అదే ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసిన కెరెన్ తండ్రి యేసుదానం దాన్ని వేలంలో కొని, తుప్పంతా గీకి, మనిషిని చేశాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ శనివారం వచ్చిందంటే ఆయనా సైమనూ వరండాలో దాని ముందు బాసింపట్లు వేసుకుని కూర్చునేవారు. ఆయన పోయి మూడేళ్ళయినా సైమన్ శనివారాలు మానలేదు. తన గది ఉన్న బేర్ సరాయ్ నుంచి బస్సెక్కి వచ్చి, బండి తుడిచి, కిక్కు కొట్టి, క్వార్టర్ల గేటు దాకా ఓ చక్కరు తిప్పి పెట్టేవాడు. అన్నమ్మ టీ ఇచ్చేది, మధ్యాహ్నం అన్నం పెట్టేది. గోంగూర ఎక్కడ దొరికిందో, చర్చిలో ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఊళ్ళో ఎవరు పోయారో చెప్పేది. వారం పొడుగునా భయ్యా అనీ సాహబ్ అనీ అరిగిపోయిన నోటికి ఆ కాసేపే తెలుగు.

ఆ బండి పోతే ఏమవుతుంది? పెళ్ళీ పెటాకులూ లేని మగమనిషి, మొగుడు పోయిన ఆడమనిషి ఇంటికి ఏ పని మీద వెళ్తాడు? అక్కా తమ్ముడూ అని నోరారా పిలుచుకున్నా సరే, క్వార్టర్లలో కిటికీలకి కళ్ళుంటాయి, చర్చి మెట్ల మీద నోళ్ళుంటాయి. ఇన్నాళ్ళూ ఎవరన్నా అడిగితే బండి పని అనేవాడు, వాళ్ళూ అచ్ఛా అనేవారు. రేపు బండి లేకుండా నోయిడాలో మూడంతస్తులు ఎక్కితే అది పిలవని పేరంటం. అందుకని బండి అమ్ముడుపోకూడదని సైమన్ కోరుకున్నాడు. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, అంత గట్టిగా అతను ప్రార్థనలో కూడా ఏదీ కోరుకోలేదు.

బేర్ సరాయ్‌లో అతని గది డాబా మీద. కింద మూడు వరసల గదుల్లో అందరూ పెద్ద పరీక్షలకి చదివే కుర్రాళ్ళు. పాసైనవాడు మిఠాయి పంచి పోతాడు, తప్పినవాడు చెప్పకుండా పోతాడు. వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, సైమన్ మాత్రం అక్కడే ఉంటాడు. మెస్సులో రాజ్మా అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నవాడు పుస్తకంలోంచి తల ఎత్తడు. శుక్రవారం ఓ కొత్త కుర్రాడు, "అంకుల్, ఆప్ కౌన్సా ఎగ్జామ్ దే రహే హైఁ?" అని అడిగాడు. పక్కవాళ్ళు నవ్వారు, సైమన్ కూడా నవ్వాడు. గదికి వచ్చి పానాల సంచీ సర్దుకుంటుంటే మాత్రం నవ్వు రాలేదు. ఈ ఊరు వచ్చి సగం జీవితమైంది, ఏ పరీక్ష రాస్తున్నట్టో తనకే తెలియదు.

శనివారం పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. అన్నమ్మ క్వార్టరు వరండాలో పాత గోనెపట్టా పరిచి ఉంది. సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కింది. గోడ మీద వాక్యం కేలండరు మాత్రం ఇంకా తియ్యలేదు.

"వచ్చావా సైమనూ. చలిగా ఉంది, ముందు టీ తాగు," అంది అన్నమ్మ.

"పని మొదలుపెట్టాక తాగుతా అక్కా."

బండి స్టాండు మీద కదలకుండా ఉందో లేదో చూసుకుని గోనెపట్టా మీద కూర్చున్నాడు. ప్లగ్గు విప్పాడు. ఇంజనుకి మూతలా ఉండే హెడ్డు బోల్టులు ఒక్కోటీ ఎదురుబొదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేశాడు. ఒకేవైపు తొందరపడితే హెడ్డు వంకరపోతుంది. చెక్క సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టాడు. హెడ్డు విడివడి చేతిలోకి వచ్చింది.

లోపల అంతా నలుపు. అడుగంటిన అన్నం గిన్నెలో మాడు పట్టినట్టు పిస్టన్ నెత్తిన మందంగా కార్బన్ పేరుకుంది. పక్కన రెండు వాల్వుల మీదా అంతే. ఈ మసి నిప్పులా కాగి, పెట్రోలు తన వేళకి ముందే అంటుకుంటుంది. ఎత్తు మీద ఆ టకటక అందుకే. కిక్కు చేత్తో మెల్లగా తిప్పి పిస్టన్‌ని పైకి తెచ్చాడు. గీకిన మసి లోపలికి జారకుండా దాని చుట్టూ సందులో గ్రీజు కూరాడు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ దాని మీద కప్పి, మసి నానేదాకా హెడ్డు లోపలి భాగం తుడుస్తూ కూర్చున్నాడు.

గీకడానికి అతని దగ్గరున్నది ఒక విరిగిన తెడ్డు. అన్నమ్మ వంటింట్లో పప్పు కలిపీ కలిపీ విరిగిందాన్ని యేసుదానం ఉలి మొనలా చెక్కుకున్నాడు. అల్యూమినియానికి ఇనుము తగలకూడదని ఆయన పట్టుదల. గీత పడితే ఆ గీతలోనే మళ్ళీ మసి కూర్చుంటుందనేవాడు. తెడ్డు నల్లబడి, ఆయన బొటనవేలు ఆనిన చోట గుంట పడింది. ఆ గుంటలో ఇప్పుడు సైమన్ వేలు సరిగ్గా కూర్చుంటుంది.

గుడ్డ తీసి మధ్యలోంచి మొదలుపెట్టాడు. మసి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. కింద తెల్లని లోహం కనబడింది. కాస్త గీకడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ కాస్త గీకడం. చలికి కిరసనాయిలు వేళ్ళని కొరుకుతోంది. మధ్యంతా శుభ్రమయ్యాక పిస్టన్ అంచున చుట్టూ వేలు మందాన నల్లటి కట్టు మిగిలింది. ఎప్పుడైనా అక్కడికి రాగానే తెడ్డు కింద పెట్టేవాడు.

ఎందుకంటే ఆ నల్లంచు ఉండాలి. ఈ సంగతి సైమన్‌కి సిగ్గుపోయేలా తెలిసింది. మొదటిసారి యేసుదానం అతని చేతికి తెడ్డు ఇచ్చి డ్యూటీకి పోతే, సైమన్ శుభ్రం శుభ్రం అనుకుంటూ అంచు దాకా గీకి తళతళలాడించి పెట్టాడు. మర్నాడు ఆ బండి మీద ఇద్దరూ చర్చికి బయల్దేరితే దారి పొడుగునా నీలం పొగ. చర్చి వాకిట్లో కొయిర్ పిల్లలు పాట మానేసి దగ్గారు. పాత ఇంజనులో అరిగిన సందుల్ని ఆ అంచు మసే మూస్తుందనీ, అది తీసేస్తే ఆయిలు పైకెక్కి మండుతుందనీ యేసుదానం అప్పుడు చెప్పాడు. కోప్పడకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పట్నుంచీ ఎప్పుడు ఇంజను విప్పినా, టీ గ్లాసు పక్కన పెడుతూ "అంచు జాగ్రత్త" అనడం అన్నమ్మకి అలవాటైపోయింది. ఆ మాట లేకుండా ఆ పని ఎన్నడూ పూర్తి కాలేదు.

సైమన్ తెడ్డు పట్టుకుని ఆ అంచునే చూస్తూ ఉండిపోయాడు. గీకితే ఎవరికి తెలుస్తుంది? కెరెన్ చూస్తే మెరుస్తోందని మెచ్చుకుంటుంది. రేపు ఆ గుర్గావ్ మనిషి ముందు పొగ వస్తుంది, పొగ బండి ఎవరూ కొనరు. బండి నోయిడా పోతుంది, శనివారాలు నిలుస్తాయి. తర్వాత నాలుగు నెలలు తిప్పితే అంచు తనంతట తనే మళ్ళీ పట్టుకుంటుంది. ఇందులో ఎవరికి నష్టం? తప్పు చేసేవాడికి ఇలాంటి లెక్కలు భలే తొందరగా కుదురుతాయి.

యేసుదానం బొటనవేలు గుంటలో వేలు పెట్టి, అంచు గీకడం మొదలుపెట్టాడు. అక్కడ మసి గట్టిగా ఉంది, అంత సులువుగా రాలేదు. పంతం పట్టి గీకాడు. మెడ మీద చెమట పట్టింది.

"టీ," అంది అన్నమ్మ వెనకనుంచి.

చేయి ఆగిపోయింది. ఆమె గ్లాసు గోనెపట్టా పక్కన పెట్టింది. వెంటనే వెళ్ళలేదు. వంగి ఇంజను వంక చూస్తున్నట్టు ఆమె నీడ పిస్టన్ మీద పడింది. సైమన్ తల ఎత్తలేదు. కాసేపటికి ఆ నీడ తప్పుకుంది.

"రాగి గ్యాస్కెట్టు ఇటివ్వు, కాల్చి తెస్తాను," అంది అంతే.

రాగి బిళ్ళని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి హెడ్డు కింద చక్కగా అతుక్కుంటుంది. ఆ పని మొదట్నుంచీ అన్నమ్మదే. ఒకప్పుడు సిరంజీలు మరిగించిన చేతులకి అదొక లెక్క కాదు. ఈసారి మాత్రం గ్యాసు పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి బకెట్లో చుయ్యిమని చప్పుడు వినబడింది. అలవాటైన మాట ఆమె అనలేదని సైమన్‌కి అప్పుడు తట్టింది. ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో మరిచిపోయింది పాపం అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రానికి ఇంజను బిగించేశాడు. జన్మలో అంత శుభ్రంగా ఏ ఇంజనూ చెయ్యలేదు. ఆ రోజు అన్నమ్మ చేపల పులుసు చేసింది. రెండు ముద్దలు తిని, కడుపు నిండిందని అబద్ధమాడి లేచాడు.

ఆదివారం చర్చి అయ్యాక బేదీ వచ్చాడు. ఎర్ర తలపాగా, నెరిసిన గడ్డం, నవ్వు మొహం. చెడ్డవాడై ఉంటే సైమన్‌కి ఎంతో బాగుండేది. ఆయన వచ్చీ రాగానే అన్నమ్మకి రెండు చేతులా నమస్కారం పెట్టాడు. ఆయన కారు వెనక ఒక చిన్న టెంపో కూడా వచ్చి ఆగింది. సైమన్ దాని వంకే చూశాడు. చూడటానికి వచ్చేవాడు టెంపో తెచ్చుకుంటాడా?

బేదీ బండి చుట్టూ తిరిగాడు. పెట్రోలు టాంకు నిమిరాడు. "వాహ్, క్యా చీజ్ హై," అన్నాడు.

"స్టార్ట్ కర్‌కే దిఖాయియే అంకుల్," అంది కెరెన్.

సైమన్ కిక్కు కొట్టాడు. ఇంజను అందుకుంది. దగ్గు లేదు, టకటక లేదు. పొగ కూడా లేదు. ఒక్క క్షణం అతనికి, తను చేసింది దేవుడు కొట్టేశాడేమోననిపించింది. ఆ క్షణంలో భయపడ్డాడో సంతోషించాడో అతనికే తెలియదు. ఇంజను వేడెక్కనిచ్చి యాక్సిలేటరు తిప్పాడు. సైలెన్సర్ లోంచి నీలం పొగ పాయలా లేచి, వరండా అంతా కమ్ముకుని, తీగ మీద ఆరేసిన దుప్పట్లలోకి దూరింది.

అన్నమ్మ పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆమె కళ్ళు నీళ్ళయ్యాయి. పక్క క్వార్టరు వాళ్ళు తలుపు తీసి చూశారు. యేసుదానం బండి పొగ వదలదని ఆ వరసంతా తెలుసు. ఆయన శవపేటిక వెనక కూడా ఆ బండి పొగ లేకుండా నడిచింది. ఇప్పుడు అందరి ముందూ ఇలా. సైమన్‌కి నేల విడిచి ఎక్కడికైనా పోవాలనిపించింది. చెరపకురా చెడేవు అని పెద్దలు ఊరికే అనలేదు. తను చెరిపింది బేదీ బేరమనుకున్నాడు, చెరిగింది యేసుదానం పేరు.

"అంకుల్, సాఫ్ నహీఁ కియా క్యా?" అంది కెరెన్ చిన్నబుచ్చుకుని.

"సైమన్ చేసినంత శుభ్రంగా ఎవరూ చెయ్యరు. వాణ్ణేమీ అనకు," అంది అన్నమ్మ.

బేదీ చెయ్యి ఊపి ఇంజను ఆపమన్నాడు. అదేం పెద్ద విషయం కాదన్నట్టు నవ్వాడు. "అరే బేటీ, చలానీ కిస్‌కో హై? గుర్గావ్ మేఁ రెస్టారెంట్ ఖోల్ రహా హూఁ. దర్వాజే కే పాస్ ఖడీ రహేగీ, బచ్చే బైఠ్‌కే ఫోటో ఖించ్‌వాయేంగే. తేల్ పెట్రోల్ సబ్ నికాల్ దేంగే."

నడిపేది లేదు. హోటలు గుమ్మం దగ్గర బొమ్మలా నిలబెడతారు. పిల్లలు ఎక్కి కూర్చుని ఫోటోలు దిగుతారు. ఆయిలూ పెట్రోలూ మొత్తం తీసేస్తారు. పొగ వచ్చినా రాకపోయినా ఆ మనిషికి ఒకటే. టెంపోతో వచ్చినవాళ్ళు పలక వాల్చి బండిని పైకి నెట్టి, తాళ్ళతో కట్టేశారు. సైమన్ కూడా ఒక చెయ్యి వేశాడు. వెయ్యకపోతే బాగుండదని వేశాడు. నాలుగు నెలలు తిరిగితే అంచు మళ్ళీ పట్టుకుంటుంది కదా అన్న నిన్నటి లెక్క గుర్తొచ్చింది. ఆ ఇంజను ఇంక ఎప్పటికీ తిరగదు. దాని ఆఖరి ఊపిరి ఈ పొగే, అది తన చేతి చలవే.

కాగితాలు జిరాక్సు తీయించడానికి కెరెన్ బేదీతో వెళ్ళింది. వెనకే టెంపో వెళ్ళింది. వరండా ఒక్కసారిగా పెద్దదైపోయింది. బండి నిలబడిన చోట ఏళ్ళ తరబడి కారిన ఆయిలు మరక పళ్ళెమంత మేర మిగిలింది. సైమన్ మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు.

అన్నమ్మ రెండు గ్లాసులతో వచ్చి అతని పక్కన ఒకటి పెట్టి, తను పీట వాల్చుకుంది.

"అక్కా, నీకొక మాట చెప్పాలి," అన్నాడు సైమన్.

"చెప్పొద్దులే."

"కాదక్కా, నేను చెప్పాలి. ఆ పొగ..."

"నిన్న నీకు టీ ఇచ్చేటప్పుడు అంచు జాగ్రత్త అన్నానా?"

సైమన్ గ్లాసు వంక చూశాడు. "అనలేదు."

"ఎప్పుడన్నా అనకుండా ఉన్నానా?"

అన్నమ్మ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

"చూశాను సైమనూ. నువ్వు గీకతా ఉండావు. మీ బావ ఉంటే నెత్తిన మొట్టేవాడు. నేను ఒక్క మాటంటే నువ్వు ఆపేవాడివే. అనబోయాను. అనకుండానే లోపలికి పోయి ఆ రాగి బిళ్ళ మాడేదాకా పొయ్యి మీద పెట్టుకు నిలబడ్డా. పొగొస్తే పోదులే అనుకున్నా."

సైమన్ తల ఎత్తి ఆమెని చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె మొహం అంత తిన్నగా ఎప్పుడూ చూడలేదు. కళ్ళ కింద నలుపు ఉంది. పొగవల్ల కాదు.

"నేను తెలుగులో అంటే ఆ పిల్ల హిందీలో అంటది," అంది అన్నమ్మ. "నా మాటకి నా మాటలోనే జవాబు వచ్చేది ఈ ఇంట్లో శనివారమే. బండి పోతే నువ్వు రావు. నీ సంగతి నాకు తెలవదా ఏంది?"

రావు అన్న మాటకి కాదనలేకపోయాడు. ఒకే తప్పు ఇద్దరూ చేశారు, ఒకరికి తెలియకుండా ఒకరు, అదీ ఒకే ఆశతో. ఆ తప్పూ అక్కరకి రాలేదు. సైమన్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"మీ బావని నలుగురిలో నవ్వులపాలు చేశాం ఇద్దరం," అంది ఆమె. అంటూనే ఆమె పెదవి వంకర తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. "కొయిర్ పిల్లలు దగ్గినప్పుడు ఎట్టా నవ్వాడో గుర్తుందా?"

"గుర్తుందక్కా."

ఇద్దరూ ఆ మరక వంక చూస్తూ కూర్చున్నారు. లోపల కేలండరు గాలికి గోడకి కొట్టుకుంటోంది. ఎదురు క్వార్టరు ఆవిడ కిటికీ రెక్క కాస్త తెరిచి, మళ్ళీ మూసింది. అన్నమ్మ గొంతు సవరించుకుంది. ఆ కిటికీకి కూడా వినబడేటట్టు పలికింది.

"సైమనూ, క్వార్టరు అప్పగించేలోగా ఈ ఆయిలు మరక పోవాలి. ఆఫీసువాళ్ళు చూస్తే ఊరుకోరు. నీకు వీలవుద్దా?"

సోడా వేసి గట్టిగా రుద్దితే ఆ మరక అర్ధగంట పని. అది అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు. సైమన్ లేచి మరక దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో రాసి చూసి, బాగా ఆలోచించినట్టు తల పంకించాడు.

"నాపరాయిలోకి ఇంకిపోయిందక్కా. ఇది ఒక్క శనివారంతో తేలే పని కాదు."

"నాకూ అట్టానే అనిపించింది," అంది అన్నమ్మ.

నెలాఖరు ఎంతో దూరం లేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. సైమన్ కిరసనాయిలు డబ్బా, గుడ్డ, విరిగిన తెడ్డు దగ్గరికి లాక్కుని మరక మధ్యలోంచి రుద్దడం మొదలుపెట్టాడు. అన్నమ్మ గ్లాసులు రెండూ తీసుకుని లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"అంచు జాగ్రత్త," అంది.

సైమన్ తల ఊపి, మరక చుట్టూ వేలు మందాన నల్లగా వదిలేశాడు.